ఆ కారు ఎందుకెక్కింది?

2007 నవంబరు, ఒక శుక్రవారం మధ్యాహ్నం. అల్ ఖోబర్‌లో మా ఫ్లాటులో నాలుగైదు తెలుగు కుటుంబాలు భోజనానికి కలిశాం. (అప్పట్లో సౌదీలో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు. శుక్ర, శనివారాలకి మారింది 2013లో.) ఎప్పటిలాగే మగవాళ్ళం హాల్లో, ఆడవాళ్ళు వంటింట్లో. పులిహోర, గుత్తివంకాయ కూర, ఎవరో ఇండియా నుంచి మోసుకొచ్చిన ఆవకాయ. టీపాయ్ మీద అరబ్ న్యూస్ పత్రిక. ఆ రోజుల్లో అక్కడి పత్రికల్లోనూ బయటి దేశాల టీవీల్లోనూ ఒకటే వార్త, 'ఖతీఫ్ అమ్మాయి'. ఆమె పేరు బయటపెట్టలేదు. ఆ ఊరి పేరే ఆమె పేరయింది. మా ఇంటికీ ఖతీఫ్‌కీ కారులో ముప్పావుగంట దూరం. మాలో ఇద్దరు రోజూ ఆ ఊరి పక్కగానే జుబైల్‌కి ఉద్యోగానికి వెళ్ళొచ్చేవారు.

"అత్యాచారం జరిగిన పిల్లకే రెండువందల కొరడా దెబ్బలట!" అని ఒకరు పేపరు చూపించారు. అందరం అయ్యో అన్నాం. ఇదేం దేశం అన్నాం. ఎన్ని లోపాలున్నా మన దేశం ఎంత నయమో అనుకున్నాం. ఆ తర్వాత, పెరుగన్నం కలుపుకుంటూ ఒకాయన అన్నాడు: "అదంతా సరే గానీ, పెళ్ళయిన పిల్ల పరాయివాడి కారెందుకెక్కింది అసలు?"

ఆ ఒకాయన్ని నేనే. నా మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒకరిద్దరు తలూపారు కూడా. వంటింట్లో గిన్నెల చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలయింది. అది ఎందుకు ఆగిందో నాకు తెలియటానికి మూడేళ్ళు పట్టింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

అసలు జరిగిందేమిటో ఆ రోజు మా హాల్లో ఒక్కరికి కూడా పూర్తిగా తెలియదు. తెలియకుండానే తలా ఒక తీర్పు చెప్పాం. తర్వాత కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్నది ఇది. సంఘటన జరిగింది 2006లో. అప్పటికి ఆ అమ్మాయికి ఇంకా ఇరవై నిండలేదు. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థకి ఆమె చెప్పిన దాని ప్రకారం, పదహారేళ్ళప్పుడు ఒక కుర్రాడితో ఫోనులో పరిచయం. మొహం చూసింది లేదు, గొంతు మాత్రమే తెలుసు. ఫోటో ఇవ్వకపోతే మీ ఇంట్లో చెప్పేస్తానని అతను బెదిరిస్తే భయపడి ఇచ్చింది. తర్వాత ఆమెకి మరొకరితో పెళ్ళయింది. ఆ ఫోటో ఎప్పుడు బయటపడుతుందోనని తిరిగి ఇమ్మని అడిగింది. కారులో నాతో వస్తే ఇస్తానన్నాడు. సరే, నా ప్రశ్నకి జవాబు అది. ఫోటో కోసం ఎక్కింది. కాపురం నిలబెట్టుకోవటం కోసం ఎక్కింది.

దారిలో మరో కారు అడ్డం వచ్చింది. కత్తులు చూపించి ఇద్దరినీ ఒక మారుమూల చోటికి తీసుకుపోయారు. మొత్తం ఏడుగురు. ఆమె మీదా, ఆ కుర్రాడి మీదా కూడా అత్యాచారం చేశారు. ఆమె ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆ చేసినవాళ్ళే ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నారు. ఆ సంగతి తెలిస్తే మొగుడు వదిలేస్తాడు, ఇక ఈమె నోరెత్తదు అని వాళ్ళ ధీమా. అక్కడే వాళ్ళ లెక్క తప్పింది. భర్త ఆమెని వదల్లేదు. నెలల తర్వాత ఇద్దరూ కలిసి కేసు పెట్టారు. సొంత అన్నదమ్ముల్లో ఒకడు మాత్రం తనని కొట్టి చంపబోయాడని ఆమె చెప్పింది.

కోర్టుకి వెళ్ళిన మొదటి రోజు న్యాయమూర్తులు తనని ఏమడిగారో కూడా ఆమె చెప్పింది. అతనితో నీకేం సంబంధం? ఇంట్లోంచి ఎందుకు బయటికొచ్చావు? ఇది చదివినప్పుడు నాకు కాసేపు తల తిరిగినట్టయింది. ఆ న్యాయమూర్తులు అరబ్బీలో అడిగినదాన్నే నేను పెరుగన్నం తింటూ తెలుగులో అడిగాను. వాళ్ళ నల్లటి అంగీ ఒక్కటే నాకు తక్కువ.

2006లో వచ్చిన మొదటి తీర్పులో నేరస్థులకి కొన్ని నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు శిక్షలు పడ్డాయి. ఆ అమ్మాయికీ, ఆ కుర్రాడికీ చెరో తొంభై కొరడా దెబ్బలు. వాళ్ళ నేరం 'ఖల్వా', అంటే పెళ్ళి సంబంధం గానీ రక్త సంబంధం గానీ లేని ఆడా మగా ఏకాంతంగా ఉండటం. ఆమె తరపు లాయరు అబ్దుల్ రహ్మాన్ అల్ లాహిమ్ దాని మీద అప్పీలు చేశాడు, పత్రికలతో మాట్లాడాడు. 2007 నవంబరులో వచ్చిన రెండో తీర్పు నేరస్థుల శిక్షలు రెండు నుంచి తొమ్మిదేళ్ళకి పెంచింది. ఆమె శిక్షనీ పెంచింది: రెండువందల దెబ్బలు, ఆరు నెలల జైలు. పత్రికల ద్వారా కోర్టు మీద ఒత్తిడి తేబోయారన్నది కారణం. లాయరు లైసెన్సు కూడా లాగేసుకున్నారు. ప్రపంచమంతా గోల పెట్టాక న్యాయశాఖ ఒక ప్రకటన ఇచ్చింది. ఆ అమ్మాయి అక్రమ సంబంధం ఒప్పుకుందనీ, దాడి జరిగేటప్పటికే కారులో అసభ్యంగా ఉందనీ అందులో సారాంశం. చివరికి 2007 డిసెంబరు 17న అబ్దుల్లా రాజు ఆమెకి క్షమాభిక్ష పెట్టినట్టు వార్త వచ్చింది. అంటే కోర్టు తప్పు చేసిందని కాదు సుమా అని న్యాయశాఖ మంత్రి వెంటనే వివరణ ఇచ్చాడు. క్షమించారు. ఆమెనే క్షమించారు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు మా హాల్లో అదీ వినిపించింది. "వాళ్ళ మతంలో అంతే, నలుగురు సాక్షులుంటే గానీ మానభంగం నిరూపణ కాదు" అన్నారొకరు. మనలో చాలామందికి ఉన్న అభిప్రాయమే ఇది. నలుగురు సాక్షుల నియమం వ్యభిచార నేరానికి సంబంధించినది. పైగా, ఒక స్త్రీ మీద అభాండం వేసి నలుగురు సాక్షుల్ని తేలేనివాణ్ణి కొట్టమని ఖురాన్ చెబుతుంది. అంటే ఆడవాళ్ళ మీద నోరు పారేసుకునేవాళ్ళకి అడ్డుకట్టగా వచ్చిన నియమం అది. తెల్లవారుజామున నమాజుకి వెళ్తూ అత్యాచారానికి గురైన ఒక స్త్రీ ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంటే, నీ తప్పేం లేదు పొమ్మని ఆమెని పంపి చేసినవాణ్ణి శిక్షించారని హదీసుల్లో ఒక కథ కూడా ఉంది. మరి ఆ ఊరి కోర్టు అలా ఎందుకు చెప్పింది? ఆ రోజుల్లో సౌదీలో రాతలో ఉన్న శిక్షాస్మృతి లేదు. చాలా నేరాలకి ఎంత శిక్ష అన్నది జడ్జిగారి విచక్షణ. ఆ విచక్షణలోకి ఆ జడ్జిగారు పెరిగిన ఇల్లూ, విన్న మాటలూ, ఆడపిల్ల అంటే ఆయనకున్న లెక్కా అన్నీ వచ్చి కూర్చుంటాయి. మతం పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువగా.

అలా కాకుండా రాసిపెట్టిన చట్టం, బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ నడుస్తున్న కోర్టులు ఉన్న మన దగ్గర ఏం జరిగిందో చూద్దాం. నేను చిన్నవాణ్ణి అప్పుడు. 1978 మార్చి నెలాఖరు. హైదరాబాదులో రమీజాబీ అనే ఆమె, ఆమె భర్త అహ్మద్ హుసేన్ సినిమా చూసి రాత్రిపూట ఇంటికి వెళ్తున్నారు. అతను రిక్షా తొక్కేవాడు. రోడ్డు మీద తిరుగుతున్నారని నల్లకుంట పోలీసులు స్టేషనుకి తీసుకెళ్ళారు. స్టేషనులో పోలీసులు ఆమె మీద అత్యాచారం చేశారు. ఇదేమిటని అడిగిన భర్తని కొట్టారు. అతను చనిపోయాడు. జనం శవాన్ని తెచ్చి స్టేషను ముందు పెట్టారు. నగరం భగ్గుమంది. కాల్పులు, కర్ఫ్యూ. అప్పటికి చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రి అయి నెల కూడా కాలేదు. ప్రభుత్వం హైకోర్టు జడ్జి ముక్తదర్‌గారితో విచారణ కమిషన్ వేసింది.

కమిషన్ ముందు పోలీసుల వాదన ఏమిటంటే, ఆమె వేశ్య, అతను తార్చేవాడు, వాళ్ళది పెళ్ళే కాదు. ఒక మనిషి స్టేషనులో కొట్టిన దెబ్బలకి చచ్చిపోతే, ఆ చచ్చినవాడికీ అతని భార్యకీ నిఖా చెల్లుతుందా లేదా అని రోజుల తరబడి సాక్షుల్ని పిలిచి అడిగారు. నిఖా చెల్లకపోతే ఏమిటట? వేశ్యే అనుకుందాం, అయితే ఏమిటట? ఈ ప్రశ్న ఆ రోజుల్లో గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. హైదరాబాదులో ఆ ఏడాదే పుట్టిన స్త్రీ శక్తి సంఘటన లాంటివాళ్ళు అడిగారు. (తర్వాత 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చింది వాళ్ళే.) ముక్తదర్ కమిషన్ ఆ వాదనకి లొంగలేదు. పోలీసులు అత్యాచారమూ హత్యా చేశారనే తేల్చింది, కేసు పెట్టమంది. కేసు పెట్టారు. కానీ ముద్దాయిలు కోరితే విచారణ మన రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరుకి వెళ్ళింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు అందరినీ వదిలేసింది.

మా ఇంట్లో ఆ పేపరు చదివి పెద్దవాళ్ళు ఏమనుకున్నారో నాకు బాగా గుర్తుంది. "అర్ధరాత్రి సినిమాలేమిటి వాళ్ళకి?" అన్నారు. అన్నది చెడ్డవాళ్ళు కాదు. మా అమ్మే. అమ్మ జీవితంలో ఎవరికీ హాని చెయ్యలేదు. రమీజాబీ కోసం కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ఆ మాట మాత్రం అంది. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత, సముద్రం దాటి వచ్చి, అదే మాటని సినిమా తీసేసి కారు పెట్టి నేను అన్నాను.

ఎందుకంటామో ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆమె ఏదో తప్పు చేసింది కాబట్టి అలా జరిగింది అనుకుంటే, ఆ తప్పు చెయ్యని మా ఇంటి ఆడపిల్లలకి అలా జరగదు అనే భరోసా దొరుకుతుంది. సినిమాకి వెళ్ళకపోతే చాలు, కారెక్కకపోతే చాలు. ఆ ప్రశ్నలో కోపం కంటే భయమే ఎక్కువ. అయితే ఆ భయానికి మూల్యం చెల్లించేది మాత్రం జరిగినావిడే.

రమీజాబీ కేసు జరిగిన 1978లోనే సుప్రీంకోర్టు మథుర కేసులో తీర్పు చెప్పింది. మహారాష్ట్రలో ఒక కూలిపని చేసుకునే ఆదివాసీ పిల్ల, 1972లో దేశాయిగంజ్ పోలీస్ స్టేషనులో ఇద్దరు పోలీసులు. ఒంటి మీద గాయాలు లేవు, అరవలేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే అని వాళ్ళని వదిలేశారు. భయపడి లొంగటం వేరు, ఒప్పుకోవటం వేరు అని అంతకుముందు బొంబాయి హైకోర్టు చక్కగా చెప్పినా నిలవలేదు. 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దాంతో దేశమంతా కదిలి, 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసులో నేను ఒప్పుకోలేదని ఆమె అంటే కోర్టు ఆ మాట నమ్మి మొదలుపెట్టాలి అన్నది అప్పుడు వచ్చింది. అయితే ఆమె నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టెయ్యొచ్చు అనే నిబంధన మాత్రం 1872 నాటి సాక్ష్య చట్టంలో 2002 సవరణ దాకా అలాగే ఉంది. నూట ముప్ఫై ఏళ్ళు! రాతలో చట్టం ఉండటం గొప్పే, ఏం రాశారో కూడా చూసుకోవాలి.

మన భాష సంగతి కూడా ఆలోచించండి. మనం పుట్టి పెరిగిన నాటి పత్రికల్లో మాట 'మానభంగం'. భంగమైంది ఎవరి మానం? చేసినవాడిది కదా పోవాల్సింది! ఇక పల్లెటూళ్ళలో 'పాడు చేశారు', 'చెరిచారు' అంటారు, పాలూ పెరుగూ అన్నట్టు. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అనే సామెత చెప్పని తెలుగు అమ్మమ్మ ఉండదు. మా అమ్మాయికి నేనూ చెప్పాను, ఖోబర్‌లోనే. అప్పుడది పన్నెండేళ్ళది. "మరి ముల్లుని ఎవరూ ఏమీ అనరా నాన్నా?" అంది. హోమ్‌వర్క్ చేసుకోమన్నాను.

అరవలేదేం, తిరగబడలేదేం అన్న ప్రశ్నకి ఈ మధ్యకాలంలో వైద్యులు చెప్తున్న జవాబు ఒకటుంది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర చికిత్సా కేంద్రానికి వచ్చిన 298 మంది స్త్రీలని అడిగితే, 70 శాతం మంది ఆ సమయంలో శరీరం బిగుసుకుపోయి కదల్లేని స్థితి చెప్పుకోదగ్గ మోతాదులో వచ్చిందన్నారు. గొంతు పెగలదు, చెయ్యి లేవదు. కారు లైట్ల ముందు కుందేలు నిలబడిపోయినట్టు. అది అంగీకారం కాదు, ఒంటికి తెలిసిన ఒక రక్షణ. మథుర ఒంటి మీద గాయాలు వెతికిన పెద్దలకి ఈ సంగతి తెలియకపోవచ్చు. భయం అంటే ఏమిటో తెలియకుండా ఉంటుందా?

చీకట్లో, నిర్మానుష్యమైన చోట, ముక్కూ మొహం తెలియనివాడే చేస్తాడన్నది మరొకటి. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఏటా 90 శాతానికి పైగా కేసుల్లో ఆ మనిషి తెలిసినవాడే. చుట్టం, పొరుగువాడు, పనిచేసే చోటి యజమాని. అందుకే వెంటనే చెప్పరు. చెప్పినా ఎవరికి చెప్పాలి? ఆలస్యంగా చెప్పింది కాబట్టి అబద్ధం అనుకోవటం మనకి సులువు. ఖతీఫ్ అమ్మాయి నెలల పాటు చెప్పలేదు. ఫోటో ఒకటి ఇంట్లో తెలుస్తుందన్న భయంతో కారెక్కిన పిల్ల, ఆ కారులో జరిగింది ఇంట్లో ఎలా చెప్తుంది?

ఆ కుర్రాడి మాట ఎవరమూ తలవనే తలవలేదు. అతని మీదా అత్యాచారం జరిగింది, అతనికీ కొరడా దెబ్బల శిక్ష పడింది. ఫోటో పెట్టుకుని బెదిరించినవాడు కాబట్టి అతని మీద జాలి పడటం కష్టం, నిజమే. అయినా జరిగింది జరిగిందే. మగవాడికి ఇలా జరగదు, జరిగితే నవ్వుకోవాల్సిన సంగతి అన్నది మన సినిమాలు నేర్పిన చదువు. మన చట్టం కూడా ఇందులో వెనకే ఉంది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వయసొచ్చిన మగవాడి మీద జరిగిన అత్యాచారానికి ప్రత్యేకంగా ఒక సెక్షనంటూ లేకుండా పోయింది.

ఇంకొక సంగతి చెప్పి అసలు విషయానికొస్తాను. మేము అలా భోంచేస్తూ సౌదీ న్యాయాన్ని దులిపేసిన నాటికి సరిగ్గా మూడు నెలల ముందు, 2007 ఆగస్టు 20న, విశాఖ మన్యంలో వాకపల్లి అనే పల్లెలో పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని చెప్పారు. మావోయిస్టులు చెప్పించిన మాటలని పోలీసులు కొట్టిపారేశారు. విచారణ మొదలవటానికే పదేళ్ళు దాటింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు, దర్యాప్తు సరిగా చెయ్యనందువల్ల నేరం రుజువు కాలేదని పదమూడు మంది పోలీసుల్నీ వదిలేసి, ఆ స్త్రీలకి మాత్రం పరిహారం ఇమ్మంది. ఆ రోజు మా హాల్లో విశాఖ జిల్లావాళ్ళే ఇద్దరున్నారు. వాకపల్లి పేరు ఎత్తినవాళ్ళు లేరు. ఖతీఫ్ ముప్పావుగంట దూరం, వాకపల్లి మాకు అంతకన్నా చాలా దూరం.

2019లో శంషాబాద్ దగ్గర 'దిశ' మీద జరిగిన దారుణం తర్వాత, అప్పటి తెలంగాణ హోంమంత్రి, ఆమె చెల్లెలికి బదులు 100కి ఫోను చేసి ఉండాల్సింది అన్నారు. ఆయనా అడిగింది ఆమెనే. నలుగురు నిందితుల్ని డిసెంబరు 6న పోలీసులు కాల్చేస్తే జనం పూలు చల్లారు. అది బూటకపు ఎన్‌కౌంటరని సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. చనిపోయిన పిల్లని ఒక ప్రశ్న, దొరికినవాళ్ళకి ఒక తూటా. మధ్యలో ఉండాల్సిన విచారణ ఏమైందో!

సౌదీ ఆ తర్వాత కొంత మారింది. 2018లో లైంగిక వేధింపులకి అయిదేళ్ళ దాకా జైలు, మూడు లక్షల రియాళ్ళ దాకా జరిమానా పెట్టి చట్టం చేశారు. అదే ఏడాది జూన్ నుంచి ఆడవాళ్ళు కార్లు నడపొచ్చన్నారు. (ఎవరి కారెందుకెక్కావు అని అడగాల్సిన అవసరం కొంత తగ్గింది.) 2020లో న్యాయమూర్తులు తమ విచక్షణతో వేసే కొరడా దెబ్బల శిక్షని జైలుకో జరిమానాకో మార్చారు. 2021లో పనివాళ్ళు ఉద్యోగం మారటానికీ దేశం వదలటానికీ యజమాని అనుమతి అక్కర్లేకుండా సంస్కరణ తెచ్చినప్పుడు మాత్రం ఇళ్ళలో పనిచేసేవాళ్ళని అందులో కలపలేదు.

ఆ కలపని వాళ్ళలో మనవాళ్ళున్నారు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి గల్ఫుకి వెళ్ళిన ఆడవాళ్ళు. వాళ్ళని అక్కడ 'ఖద్దామా' అంటారు. పదో తరగతి పాసు కాని ఆడవాళ్ళు ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని భారత ప్రభుత్వ నియమం. ఏజెంట్లు పాస్‌పోర్టులో వయసు పెంచి పంపేవారు. దిగగానే పాస్‌పోర్టు కఫీల్ చేతిలోకి. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. అతను సంతకం పెడితేనే ఇకామా, అతను ఒప్పుకుంటేనే ఇంటికి పోవటం. తట్టుకోలేక పారిపోతే 'హురూబ్', అంటే పరారీ అని రాయిస్తాడు, దాంతో ఆమే నేరస్థురాలు. ఇంట్లో మగవాడు చెయ్యి వేశాడని పోలీసులకి చెప్తే దొంగతనం కేసో, అక్రమ సంబంధం కేసో ఎదురు పెట్టే ప్రమాదముందని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో సౌదీ ఇళ్ళలో పనివాళ్ళ మీద వేసిన నివేదికలో వివరంగా ఉంది. 2014 జనవరిలో భారతదేశం, సౌదీ కలిసి ఇంటి పనివాళ్ళ గురించి ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒప్పందం ఢిల్లీలో, రియాద్‌లో ఉంటుంది. వంటింట్లో ఉండేది ఆవిడ ఒక్కతే.

అలాంటి ఒకావిడ, కడప జిల్లా ఆవిడ, ఆ శుక్రవారం మా వంటింట్లో ఉంది. మా పక్క వీధిలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటావిడ మంచిది. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల సేపు మా ఇంటికి పంపేది, తెలుగు మాట్లాడుకుంటుందని. వద్దంటున్నా గిన్నెలు కడిగేది. ఆ రోజు మా ఆవిడతో ఒక సంగతి చెప్పాలని వచ్చిందట. ఆ ఇంటి పెద్దకొడుకు సంగతి. ఎలా మొదలుపెట్టాలా అని గిన్నెలు తోముతూ ఆలోచిస్తుంటే, హాల్లోంచి నా మాట వినిపించింది.

చెప్పకుండా వెళ్ళిపోయింది. ఇంకా ఎనిమిది నెలలు ఆ ఇంట్లోనే పనిచేసింది, రాత్రుళ్ళు తలుపుకి మంచం అడ్డం జరుపుకుని. రెండేళ్ళ గడువు పూర్తయ్యాక ఊరికి వెళ్ళిపోయింది. అక్కడ ఒంట్లో బాగా లేక వచ్చేశానని చెప్పిందట. తిరిగి ఎందుకు పోలేదని ఇప్పటికీ మొగుడు సణుగుతాడట.

ఇదంతా మాకు తెలిసింది 2010లో. ఆవిడ మా ఆవిడకి ఫోను చేసింది. అక్క కూతురు సౌదీకి పోతోంది, వద్దంటే వినటం లేదు, అప్పులున్నాయి, ఏం చెప్పి పంపాలో తెలియటం లేదు అంది. అప్పుడు చెప్పింది పాత సంగతి, పది నిమిషాల్లో, ఏడవకుండా. మా ఆవిడ రియాద్‌లోని మన ఎంబసీ నంబరు వెతికి, ఒక్కొక్క అంకె రెండుసార్లు చదివి రాయించింది.

"తెలుగోళ్ళు ఎవురన్నా ఉంటారా అక్కా ఆడ?" అని అడిగింది ఆవిడ.

"ఉంటారులే" అంది మా ఆవిడ.

"ఉంటే, మొదట ఏమడుగుతారక్కా?"